బిల్లు మీద మూడు అంకెలు రాయండి

చెట్లు కోసే పాత కోత మిషన్ విప్పి, కొత్త బోరు, కొత్త పిస్టన్ వేసి, పైన తుడిచి, స్టిక్కర్ మార్చి ‘రీబిల్ట్’ పేరుతో అమ్మడం మా వైపు ఇప్పుడు మామూలు వ్యాపారం. అమ్మేటప్పుడు రెండు లాగులకే పలుకుతుంది. తోటలోకి వెళ్లాక మొండికేస్తుంది. తాడు లాగి లాగి భుజం పట్టేసిన రైతు దాన్ని గోనెసంచిలో చుట్టి టెక్కలిలో నా షెడ్డుకి తెస్తాడు. “ఏటి బావూ, కొత్త బోరు ఏసినామని సెప్పినారు. మరెందుకు పలకదు?” అంటాడు. బిల్లు చూపించమంటాను. చాలాసార్లు ఉండదు. ఉంటే అందులో ఒకటే మాట: ‘ఇంజిన్ పని’. దాని పక్కన డబ్బులు.

డబ్బుల అంకె కాక ఆ బిల్లు మీద ఇంకో మూడు అంకెలు ఉండి తీరాలని నా వాదన. పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య మిగిలిన ఖాళీ ఎంత? కంప్రెషన్ ఎంత? ఇంజిన్ దారులన్నీ మూసి గాలి పెడితే ఎన్ని సెకన్లు నిలబడింది? ఈ మూడూ రాయలేనివాడు రీబిల్ట్ అనకూడదు. ‘సామాన్లు మార్చాను’ అని రాసుకోవచ్చు. అది నిజమే కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చెట్లు కోసే మిషన్ గురించి పేపర్లో రాసేంత ఉందా అని అడిగేవాళ్లు మా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు చూసి ఉండరు. ఇక్కడ ఈ మిషన్ అవసరం పడేది ఏడాదిలో కొన్ని రోజులే, కానీ ఆ రోజుల్లో దానికి బదులు ఇంకోటి లేదు. 2013 అక్టోబర్ 12న పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో మా పలాస దగ్గరే ఒడ్డెక్కింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా దాటింది. దసరాకి అటూ ఇటూ ఏం జరగవచ్చో ఈ తేదీలు చూసి కూడా తెలియలేదంటే తప్పు వాతావరణ శాఖది కాదు.

తిత్లీ తర్వాత వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో చాలా ఊళ్లకి దారే లేకుండా పోయింది. కొబ్బరి మానులు, జీడి కొమ్మలు, వాటి కింద కరెంటు స్తంభాలు, తీగలు. కిడ్నీ జబ్బుతో వారం వారం డయాలసిస్‌కి పోవలసినవాళ్లు ఊరికి కొందరున్న ప్రాంతం ఇది. రోడ్డుకి అడ్డంగా పడిన ఒక్క మాను వాళ్లకి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దారి తెరిచాకైనా పని అయిపోదు. పడిన కొబ్బరి మానుని తోటలో కుళ్లనిస్తే అందులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ మొద్దులోనే పెరిగి, రెక్కలొచ్చాక నిలబడిన చెట్ల మొవ్వుల్లోకి దూరతాయి. అంటే తుఫాను వదిలేసిన చెట్లని తుఫాను పడేసిన చెట్లే చంపుతాయి. కోసి, చీల్చి, బయటికి ఈడ్చాలి. అంత పని గొడ్డలితో తెమలదు.

అప్పుడు ఊళ్లోకి మిషన్లు కుప్పలుగా వచ్చాయి. కొన్నవి, అద్దెకి తెచ్చినవి, బంధువుల దగ్గర అడిగి తెచ్చినవి. పని అయ్యాక ఇంటి మూలకి చేరాయి, ట్యాంకులో పెట్రోలుతో సహా. ఇప్పుడు రీబిల్ట్ పేరుతో చేతులు మారుతున్నవాటిలో చాలా భాగం అవే.

ఇందులో ఉండేది టూ స్ట్రోక్ ఇంజిన్. మా తరం మెకానిక్కులు చేతులు నల్లబడేలా నేర్చుకున్నది దాని మీదే: లూనా, చేతక్, ఆర్ఎక్స్ 100. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. పల్లెటూళ్ల బండి టీవీఎస్ ఎక్స్ఎల్ కూడా 2015లో ఎక్స్ఎల్ 100 పేరుతో ఫోర్ స్ట్రోక్ అయింది. ఆ తర్వాత షెడ్డులో చేరిన కుర్రాడికి టూ స్ట్రోక్ విప్పి చూసే అవకాశమే రాలేదు. వాడు తెలివితక్కువవాడు కాదు. బీఎస్ 6 బండికి స్కానర్ తగిలించి లోపం చదివేస్తాడు, అది నాకు రాదు. కానీ టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద గది కూడా ఊపిరి తీసే గదేనని, అక్కడ గాలి కారితే పైన మంట సరిగా అంటుకోదని వాడికి ఎవరూ చూపించలేదు. అందుకని పిస్టన్ గీరుకుపోతే పిస్టన్ మారుస్తాడు. ఎందుకు గీరుకుపోయిందో చూడడు. కొత్త పిస్టన్ కూడా పాతదాని దారినే పోతుంది.

మొదటి అంకె దగ్గరికి వస్తాను. ఖాళీ అన్నది ఈ సైజు మిషన్లలో అర మిల్లీమీటరు నుంచి 0.7 వరకు ఉంటే బాగున్నట్టు. కంపెనీ వాళ్లు దాన్ని పట్టుకునే బోరు పోస్తారు. బయట దొరికే చవక కిట్ వేసినప్పుడు ఆ కొలత నిలుస్తుందన్న భరోసా లేదు. బోరు ఎత్తు ఒక చోట తయారైంది, పిస్టన్‌లో పిన్ను రంధ్రం ఎత్తు ఇంకో చోట, కింద ప్యాకింగ్ మరో చోట. మూడూ కలిసి మీ మిషన్ మీద కూర్చున్నాక ఎంత మిగిలిందో కొలిస్తేనే తెలుస్తుంది. పాత ప్యాకింగ్ గీకకుండా దాని మీదే కొత్తది పరిచిన మిషన్లు నా దగ్గరికి వచ్చాయి. కిట్‌లో రెండు వచ్చాయని రెండూ వేసేసినవీ వచ్చాయి. అర మిల్లీమీటరు ప్యాకింగ్ ఒకటి ఎక్కువైతే ఖాళీ రెట్టింపు. కంప్రెషన్ పడిపోతుంది. అంతటితో పోదు. బోరు పైకి లేచింది కాబట్టి సైలెన్సర్ వైపు దారి ముందే తెరుచుకుంటుంది, కార్బొరేటర్ వైపు దారి ఆలస్యంగా తెరుచుకుంటుంది. అమ్మేవాడు కార్బొరేటర్ స్క్రూలు అటూ ఇటూ తిప్పి ఎలాగో ఒకసారి పలికిస్తాడు. తోటలో ఆ తిప్పుడు పనికిరాదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ప్యాకింగ్ తీసేసి సీలెంట్ పూసి బిగించి, ‘పికప్ పెంచాను’ అనేవాళ్లు. కొన్నిటికి అది నప్పుతుంది, నేను కూడా చేస్తాను, కొలిచి చేస్తాను. కొలవకుండా చేస్తే ఖాళీ 0.2కి దిగిపోవచ్చు. నిమిషానికి 12 వేల చుట్లు తిరిగే ఇంజిన్‌లో రాడ్డు వెంట్రుకవాసి సాగుతుంది, బేరింగులో ఉన్న ఆట కలుస్తుంది, హెడ్డు మీద మసి పేరుకుంటుంది. పిస్టన్ వెళ్లి హెడ్డుకి కొట్టుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? తాడు లాగుతుంటే పైన టక్కుమని ఆగుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. రేడియో మెకానిక్కులు వాడే టంకం తీగ చాలు, ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్నది. చివర కొద్దిగా వంచి ప్లగ్గు రంధ్రంలోంచి బోరు గోడకి తగిలేదాకా పంపాలి. పిస్టన్ పిన్ను ఏ వరసలో ఉందో ఆ వరసలోనే పెట్టాలి. అడ్డదిక్కున పెడితే పిస్టన్ ఒరిగి అబద్ధం చెబుతుంది. మాగ్నెట్ చక్రాన్ని చేత్తో తిప్పి పిస్టన్‌ని పైనుంచి దాటించి తీగ బయటికి లాగితే చివర నలిగి పలచబడి ఉంటుంది. ఆ నలిగిన చోట వెర్నియర్ పెడితే వచ్చేదే మన అంకె. రెండో పక్క కూడా చూసుకోవాలి. టీ చల్లారేలోగా అయిపోయే పని.

అన్ని మిషన్లకీ బోరు కింద ప్యాకింగ్ ఉండదు. స్టిల్ ఎంఎస్ 170, 180 లాంటి చిన్నవాటిలో బోరుకి కింద ఒక మూత ఉంటుంది, అది సీలెంట్‌తో అతుక్కుంటుంది. అక్కడ ప్యాకింగ్ మార్చి ఖాళీ సరిచేసుకునే వీలు లేదు. కొలత కలవకపోతే ఆ బోరు కొట్టువాడికి తిరిగి ఇచ్చేయడమే. కాబట్టి వాటికి ముందే కొలవడం మరీ అవసరం.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. స్టిక్కర్ మీద 58 సీసీ అని ఉన్న చవక మిషన్లు కొన్ని విప్పితే బోరు 45.2 మిల్లీమీటర్లు, స్ట్రోకు 34 కనిపిస్తాయి. గుణించి చూడండి, 55 కూడా రాదు. స్టిక్కర్లని నమ్మే అలవాటు మనకి అక్కడి నుంచే మొదలైంది.

కంప్రెషన్ సంగతి చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్లగ్గు చోట గేజి బిగించి, రేజు పూర్తిగా నొక్కి, ముల్లు ఇక పెరగనంటున్నదాకా తాడు లాగాలి. 150 పీఎస్ఐ దగ్గరుంటే దిగులు లేదు. 120కి దిగితే పొద్దున పలికి మధ్యాహ్నం వేడి మీద మొరాయించే రకం. 100 లోపైతే తాడు లాగడం మానేయండి. కొత్త రింగులు రెండు మూడు ట్యాంకులు తిరిగాక కాస్త కుదురుకుంటాయి, అందుకని మొదటి రోజు అంకె కొంచెం తక్కువ ఉన్నా కంగారు లేదు. రింగుని బోరులోకి తోసి రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూశారా, పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు పెట్టారా అని అడగడం మాత్రం మీ హక్కు.

అందరూ వదిలేసేది మూడోది. నాకు మిగతా రెండిటికన్నా ఇదే ముఖ్యం. సైలెన్సర్ కింద రబ్బరు ముక్క పెట్టి బిగించాలి, కార్బొరేటర్ దారి మూయాలి, చేతి పంపుతో అర బార్ గాలి పెట్టాలి. ముల్లు కనీసం అర నిమిషం కదలకూడదు. కదిలితే క్రాంకు రెండు కొసల ఆయిల్ సీళ్ల చుట్టూ, బోరు కింద, కార్బొరేటర్ వెనక రబ్బరు గొట్టం మీద సబ్బు నీళ్లు పూస్తే బుడగ ఎక్కడో లేస్తుంది. తర్వాత అదే పంపుతో గాలి లాగి కూడా చూడాలి. ఊదినప్పుడు మూసుకునే సీలు పెదవి, పీల్చినప్పుడు తెరుచుకోవచ్చు. ఈ పరీక్ష ఎందుకంటే, సీలు దగ్గర దొంగగాలి లోపలికి వస్తే పెట్రోలు పాలు పలచబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పలకదు, పలికితే వేగం దానంతటదే పెరిగిపోతుంది. పెట్రోలు తగ్గితే అందులో కలిసి వచ్చే ఆయిలు కూడా తక్కువే. బోరు గీరుకుపోతుంది. క్రాంకు ఎక్కించేటప్పుడు సీలు పెదవి చిరిగితే ఆ రీబిల్ట్ మొదటి రోజునే చచ్చినట్టు, దాని యజమానికి ఇంకా తెలియదంతే.

మూడు అంకెలూ బాగుండి కూడా పలకకపోతే, మిషన్‌కి ముందు లేని జబ్బు విప్పిన తర్వాత వచ్చిందంటే, చెయ్యి పెట్టిన చోట్లే వెతకాలి. మాగ్నెట్ చక్రం కింది చిన్న కీ తెగి చక్రం కాస్త పక్కకి తిరిగితే ప్లగ్గు దగ్గర నిప్పు, అంటే కిక్కు, వస్తుంది కానీ వేళకి రాదు. కాయిలుకీ చక్రానికీ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు చాలు. మన ఉప్పుగాలికి ఆ రెండూ తుప్పు పట్టి ఉంటే ముందు గరుకు కాగితంతో రుద్దాలి. కార్బొరేటర్‌లో పెట్రోలు తోడే పలచటి పొర, క్రాంకు గది నుంచి ఒక చిన్న రంధ్రం ద్వారా వచ్చే దెబ్బలతో ఆడుతుంది. కార్బొరేటర్ ప్యాకింగ్ తిరగేసి వేస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది, ఎంత లాగినా పెట్రోలు రాదు. చోక్ వేసి కాసేపు లాగి ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు దారి, తడిసి ముద్దయితే కిక్కు దారి. పని చేస్తూ చేస్తూ ఆగిపోతే ట్యాంకు మూత ఓసారి వదులు చేసి చూడండి. అప్పుడు పలికితే గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. నా షెడ్డుకి ‘ఇంజిన్ పోయింది’ అని వచ్చి మూత శుభ్రం చేయించుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు.

పెట్రోలు గురించి వేరే చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన సముద్రపు ఒడ్డున తేమకి కొదవా? నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్లు పట్టి అడుగున వేరుపడుతుంది, పాత రకం రబ్బరు గొట్టాన్ని పాడుచేస్తుంది, కార్బొరేటర్ పొరని బిరుసెక్కిస్తుంది. మూల పెట్టేముందు ట్యాంకు ఒంపేసి, మిషన్ దానంతటది ఆగేదాకా నడిపి పెట్టాలి. ఆయిలు కూల్‌డ్రింకు మూతతో పోసే అలవాటు మానాలి. మంచి టూ స్ట్రోక్ ఆయిలైతే లీటరుకి 20 మిల్లీలీటర్లు, మామూలుదైతే 40. కొలిచి పోయండి.

పలకని మిషన్ విసుగు పుట్టించి ఊరుకోదు. నేలమీద ఆనించి, కాలితో తొక్కిపట్టి తాడు లాగాల్సిన మనిషి, నాలుగైదు లాగులయ్యాక నిలబడి, ఒక చేత్తో మిషన్‌ని కిందికి విసురుతూ రెండో చేత్తో తాడు లాగడం మొదలుపెడతాడు. రేజు లాక్ చేసి ఉంటుంది. చెయిన్ బ్రేకు వేసి ఉండదు. పలికిన మరుక్షణం గొలుసు పూర్తి వేగంతో తిరుగుతుంది, అది తిరిగేది తొడ పక్కన. తుఫాను రోజుల్లో ఆసుపత్రికి దారి ఉండదని ముందే చెప్పాను.

మా వృత్తిలోవాళ్లు నా మీద కోప్పడతారని తెలుసు. “చెయ్యి పెడితే తెలిసిపోద్ది, అంకెలెందుకు గురువా?” అని ఇప్పటికే అన్నారు. తాడు బిగువు చూసి కంప్రెషన్ చెప్పగల చేతులు ఉన్నాయి, వాటికి నమస్కారం. కానీ 0.3కీ 0.6కీ తేడా ఏ చేతికీ తెలియదు. అనుభవం ఉన్న చెయ్యి మిషన్‌తో పాటు రైతు ఇంటికి వెళ్లదు, కాగితం వెళుతుంది. ఇంకొకరి వాదన ఖర్చు. కొలతకి వేరే కూలీ అడగండి. నేను అడుగుతాను, ఇస్తున్నారు. కొందరు గొణుగుతూ ఇస్తారు. కొలిచాక కొన్ని మిషన్లు బాగుచేయడం దండగని తేలుతుంది, క్రాంకు బేరింగులు పోయి, కేసు పగిలి. ఆ మాట సామాన్లు కొనకముందే చెప్పడం వల్ల నా సంపాదన తగ్గుతుందని నాకు తెలియదా?

రైతు సేవా కేంద్రాలున్నాయి, ఐటీఐలున్నాయి, పంచాయతీలకి తుఫాను ముందు చేయాల్సిన పనుల జాబితాలున్నాయి. ఆ జాబితాలో ‘కోత మిషన్లు సిద్ధం’ అని టిక్కు పెట్టే ముందు ఒకసారి తాడు లాగి చూస్తున్నారా? సెప్టెంబర్ మొదటి పక్షంలో తీర మండలాల్లో ఒక రోజు పెట్టి, ఊళ్లో ఉన్న మిషన్లన్నీ రైతు సేవా కేంద్రం దగ్గరికి తెప్పించి గేజి పెడితే, ఎన్ని పనికొస్తాయో తుఫానుకి ముందే తెలుస్తుంది. ప్రజల డబ్బుతో కొనే, బాగుచేయించే ఏ మిషన్‌కైనా మూడు అంకెలు లేని బిల్లు పాస్ చేయకూడదు. ఇది చేస్తే చాలు, ప్రైవేటు బిల్లులు వాటంతటవే మారతాయి, ఎందుకంటే రెండూ రాసేది ఒకే మెకానిక్కు. ఐటీఐలో ఒక పాత టూ స్ట్రోక్ ఇంజిన్ బల్ల మీద పెట్టి, టంకం తీగతో ఖాళీ కొలవడం, గాలి పెట్టి సీలు చూడడం నేర్పడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నేర్పడానికి మా వయసువాళ్లు ఇంకా కొందరం ఉన్నాం, పిలిస్తే వస్తాం.

ఈలోగా మీ ఇంటి మూల ఒక మిషన్ ఉండి, దాన్ని నా దగ్గరికో మీ ఊరి మెకానిక్కు దగ్గరికో తీసుకెళ్దామనుకుంటే ఒక్క మాట. మర్యాదకి ట్యాంకు కడిగి తేవద్దు. పాత పెట్రోలు ఉన్నది ఉన్నట్టు ఉంచండి. గాజు సీసాలో ఒంపి చూస్తే అడుగున నీళ్లు ఎంత తేరాయో మీ కళ్లముందే కనిపిస్తుంది. ఆ తర్వాతే ప్లగ్గు విప్పుతాం.